సెలవు చీటీ ఎవరి చేతిలో ఉంది?

మా కాలేజీ గ్రౌండులో తెల్లవారుజామున నాలుగున్నరకే పరుగు మొదలవుతుంది. పదిహేను, ఇరవై మంది పిల్లలు. సగం మంది మా కాలేజీ వాళ్లే, మిగతావాళ్లు చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్ల మీద, సైకిళ్ల మీద వస్తారు. 1600 మీటర్ల పరుగు, బీమ్, తొమ్మిదడుగుల గుంత దూకుడు. ఎక్కువమంది మాల మాదిగ పిల్లలు, తర్వాత బీసీలు, ఇద్దరు యానాది పిల్లలు. వాళ్లలో ఒకడు, డిగ్రీ రెండో సంవత్సరం, పోయిన నెల స్టాఫ్ రూముకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, అగ్నివీర్‌కి పొమ్మంటారా, డిగ్రీ అయిందాకా ఆగమంటారా?"

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఛందస్సు అడిగితే చెప్పగలను, ఇది ఎట్లా చెప్పను? నాకు దగ్గరగా తెలిసిన సైనికుడు ఒక్కడే, మా చిన్నాయన. ఆ ఆదివారం వాణ్ణి బండెక్కించుకుని మా ఊరు తీసుకెళ్లాను. ఆ రోజు విన్నవీ, ఆ తర్వాత చదివినవీ కలిపి ఈ వారం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సైన్యం గురించి మన ఉద్యమాల దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, "అది రాజ్యం తుపాకి, మనవాళ్లు మొయ్యగూడదు" అనేది. రెండోది, "భీమా కోరేగావ్ చూడు, మహర్ రెజిమెంట్ చూడు, యూనిఫాం వేసుకుంటే తల ఎత్తుకుని తిరగొచ్చు" అనేది. రెండూ నేను సభల్లో మాట్లాడినవే. రెంటిలోనూ ఒక ప్రశ్న లేదు. లోపలికి వెళ్లినవాడు పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా ఆ ఉద్యోగం ఎట్లా చేస్తాడు? మనసు పెట్టి చేస్తాడా, పళ్లు బిగించి చేస్తాడా? ఉద్యోగ సంతృప్తి అనే మాట ఎంబీఏ క్లాసులో మాటలాగా వినపడుతుంది. మా నాయనమ్మకి ఇదే సంగతి ఇంకోలా తెలుసు. "కడుపు నిండిందిరా, మనసు నిండలా" అనేది.

చిన్నాయన 1984లో చేరాడు, 2003లో నాయక్‌గా బయటికొచ్చాడు. పంతొమ్మిదేళ్లూ ఫిరంగుల దగ్గరే. మా పేటలో ముసలివాళ్లు ఇప్పటికీ "దండుకు పోయినోడు" అంటారు. ఆయన నోట యుద్ధం కథ విన్న గుర్తు నాకు లేదు. తుపాకి రాముడి కబుర్లు ఆయనకి రావు. ఆయన చెప్పేవన్నీ ఇద్దరు ఆఫీసర్ల కథలు.

మొదటాయన ఒక మేజరు. చిన్నాయన యూనిట్‌కి వెళ్లిన కొత్తలో హిందీ ముక్క రాదు. లంగరులో రొట్టెల వరసలో నిలబడి ఉంటే ఆ మేజరు వచ్చి అదే వరసలో వెనక నిలబడ్డాడట. నెల తిరిగేసరికి ఈయన పేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరు, ఎవరికి ఏ జబ్బు, అన్నీ ఆయనకి తెలుసు. అప్పటికి మా ఊరి హోటల్లో మాకు గ్లాసు వేరు. తాగి, కడిగి, బోర్లించి రావాలి. అలాంటి ఊరి నుంచి వెళ్లినవాడి వెనక ఒక అధికారి పళ్లెం పట్టుకుని నిలబడటం ఎట్లా ఉంటుందో చిన్నాయన మాటల్లో చెప్పలేడు. "నిలబడ్డాడ్రా" అంటాడు, అంతే.

ఆయన చేరిన మరుసటి ఏడే కారంచేడు. 1985 జులై 17. మా ఊరు కారంచేడుకి దూరమే గానీ, చీరాలలో మా మేనత్త ఉండేది. అక్కడి శిబిరానికి వచ్చినవాళ్లని కళ్లారా చూసి మా నాయన చేత ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరం ఇరవై రోజులకి సరిహద్దులో చిన్నాయన చేతికి చేరింది. రెండు రోజులు అన్నం ముట్టలేదట. మేజరు పిలిచి అడిగాడు. ఈయన వచ్చీరాని హిందీలో, మా వాళ్లని చంపారు సాబ్ అన్నాడు. ఎవరు, పాకిస్తాన్ వాళ్లా అని ఆయన అడగలేదు, ఏ కులం వాళ్లు అని అడిగాడట. ఉత్తరాదివాడు, ఆయనకీ తెలుసు మరి. విని, పది రోజుల సెలవు చీటీ తనే తెప్పించి సంతకం పెట్టి, రైలుకి డబ్బులున్నాయా అని అడిగి పంపాడు.

రెండో కథ 1996. మా నాయనమ్మ పోయింది. టెలిగ్రాం ఇచ్చారు. అప్పటికి యూనిట్‌లో ఆఫీసర్లు మారారు. టెలిగ్రాం అందుకుని చిన్నాయన అర్జీ పెట్టాడు. ఇళ్ల నుంచి వచ్చే టెలిగ్రాముల్లో సగం దొంగవి అని గుమాస్తా అన్నాడు. అర్జీ ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి రెండు రోజులు, ఎక్సర్‌సైజ్ ఉందని ఇంకో రెండు రోజులు. సంతకం పెట్టాల్సిన ఆయన తల ఎత్తి చూసింది లేదు. చిన్నాయన ఊరికి చేరేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆయన ఆకుపచ్చ ట్రంకుపెట్టె గుమ్మంలోనే దించి, లోపలికి రాకుండా తిన్నగా తోపు వైపు నడిచి వెళ్లడం నాకు గుర్తుంది.

నా ముందు కూర్చున్న కుర్రాడు ఇది విని, "అంటే తాతా, రూల్సు మారినయ్యా?" అని అడిగాడు. "రూలు అదేరా అబ్బయ్యా. చెయ్యి మారింది" అన్నాడు చిన్నాయన.

ఈ మాట పట్టుకుని నేను చాలా రోజులు తిరిగాను. ఎందుకంటే మంచి ఆఫీసరు దొరికితే చాలు అని దాన్నుంచి తేల్చేస్తే, మా తాతల నాటి మాటకే తిరిగి వచ్చినట్టు. మంచి దొర, మంచి కరణం, మంచి మోతుబరి. దయగలవాడి కింద బతుకు బాగుంటుంది, వాడి కొడుకు వచ్చేసరికి పోతుంది. ఆ మేజరు గొప్పవాడే, ఆయన పేరు మా ఇంట్లో ప్రార్థనలో కూడా వచ్చేది. కానీ 1985లో చిన్నాయనకి దక్కింది హక్కు కాదు, దయ. హక్కే అయితే 1996లో కూడా దక్కేది.

సైన్యంలో సంతృప్తి లేదనగానే రిటైరైన పెద్ద అధికారులు, టీవీ మేధావులు తప్పంతా దస్త్రాల మీదికి తోసేస్తారు. బ్యూరోక్రసీ పెరిగిపోయింది, నాయకత్వం తగ్గిపోయింది, కమాండరుకి స్వేచ్ఛ ఇవ్వాలి అంటారు. సగం నిజమే. కానీ కమాండరుకి స్వేచ్ఛ అనే మాట వినగానే నాకు భయం వేస్తుంది. నోటి మాట మీద నడిచే చోట మనవాళ్లు ఎప్పుడూ బాగుపడలేదు. మనకి కాగితం కావాలి. అయితే ఆ కాగితం ఎవరు రాస్తారన్నది చూడాలి.

ఈ విషయం బాబాసాహెబ్ ఇంటికంటే బాగా ఎక్కడా తెలియదు. ఆయన పుట్టిందే మౌ కంటోన్మెంట్‌లో, 1891లో. తండ్రి రాంజీ సుబేదారు, సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. ఊళ్లో బడి గుమ్మం తొక్కనివ్వని కులం వాడు పటాలంలో పంతులయ్యాడు. అది ఆ రోజుల్లో ఒక కాగితం ఇచ్చిన అవకాశం. బాబాసాహెబ్ పుట్టిన ఒకటి రెండేళ్లలోనే ఇంకో కాగితం వచ్చింది, మహర్లని సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. యుద్ధజాతులు వేరు, మిగతా జాతులు వేరు అనే సిద్ధాంతం అప్పుడు పెద్ద అధికారుల బుర్రలకెక్కింది. తరతరాలుగా కొలువు చేసిన కులం ఒక్క నిర్ణయంతో యోధ లక్షణం లేనిదైపోయింది. మద్రాసు సైన్యంలో దక్షిణాది వాళ్లని తగ్గించిందీ ఆ సిద్ధాంతమే. దాని మీద రిటైరైన హవల్దారు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో కమాండర్ ఇన్ చీఫ్‌కి అర్జీ రాశాడు. దళిత ఉద్యమ చరిత్రలో తొలి అర్జీల్లో ఒకటి ఉద్యోగం గురించి, పై అధికారికి రాసినది అని మనం ఎక్కువగా గుర్తు చేసుకోం. తర్వాత, యుద్ధం అవసరం వచ్చినప్పుడు 1917లో 111వ మహర్ల పటాలం లేపారు. అవసరం తీరాక 1921లో రద్దు చేశారు. 1941లో మళ్లీ అవసరం వచ్చింది, మహర్ రెజిమెంట్ పుట్టింది. ఆ ఏడే బాబాసాహెబ్ వైస్రాయ్ రక్షణ సలహా మండలిలో సభ్యుడు కూడా. 1943లో చమార్ రెజిమెంట్ లేపి 1946లో తీసేశారు. తలుపు తీయడం, వెయ్యడం. లోపలున్నవాడు ఎంత బాగా చేశాడన్న దానితో దానికి సంబంధం లేదు. ఉద్యోగంలో సంతృప్తి గురించి మాట్లాడేవాళ్లు మనవాళ్ల చరిత్ర చదవాల్సింది ఇందుకే.

ఇప్పటి సంగతికి వస్తాను. ఢిల్లీలో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అని సైన్యానికి చెందిన పాత మేధో సంస్థ ఉంది. అక్కడ పనిచేస్తున్న కల్నల్ ఒకాయన సైనికుల ఒత్తిడి మీద పరిశోధన చేశాడు. సగం మందికి పైగా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు కనిపిస్తోందనీ, శత్రువు చేతిలో కంటే ఆత్మహత్యల వల్ల, తోటివాళ్ల చేతుల్లో, ఇతర దుర్ఘటనల్లో పోయేవాళ్లు ఎక్కువనీ రాశాడు. 2021 జనవరిలో అది పత్రికల్లోకి వచ్చింది. శాంపిల్ చిన్నదని సైన్యం కొట్టిపారేసింది, పరిశోధన సంస్థ వెబ్‌సైట్‌లోంచి మాయమైంది. లెక్క మీద తగువు ఉంటే ఉండనీయండి, నన్ను ఆపింది లెక్క కాదు, కారణాల పట్టిక. ఆఫీసర్లు చెప్పుకున్నవి నాయకత్వ లోపాలు, పని భారం, పోస్టింగుల్లో ప్రమోషన్లలో న్యాయం లేకపోవడం, క్వార్టర్లు చాలకపోవడం, సెలవు ఇవ్వకపోవడం. జవాన్లూ జేసీవోలూ చెప్పుకున్నవి సెలవు ఆలస్యం కావడం, దక్కకపోవడం, ఊపిరాడని పని, పైవాళ్ల చేత అవమానం, గౌరవం లేకపోవడం, మొబైల్ వాడకం మీద అర్థంలేని ఆంక్షలు.

రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చదవండి. పైవాడి బాధల్లో ప్రమోషన్ ఉంది, కిందివాడి బాధల్లో అవమానం ఉంది. సెలవు రెండింటిలోనూ ఉంది. మంచు, బుల్లెట్టు, చావు భయం ముందు వరసలో ఎక్కడా లేవు. ఆ పనికి సిద్ధపడే వెళ్లారు వాళ్లు. సిద్ధపడనిది ఇంకోదానికి.

ఆ ఇంకోదానికి సైన్యంలో ఒక పేరుంది, సహాయక్. ఆఫీసరుకి వెన్నంటి ఉండే జవాను. యూనిఫాం, ఆయుధం సిద్ధం చేయడం, వార్తలు మోయడం అతని పని అని రూలు. ఇంటి పనికి వాడకూడదని కూడా రూలే. చిన్నాయన పద్నాలుగు నెలలు ఆ పని చేశాడు. కుక్కకి స్నానం, పిల్లల స్కూలు సంచి, మేడమ్ గారి కూరగాయలు, బూట్ల పాలిష్. "మా నాయన చెప్పులు కుట్టాడు. ఆ తోలు వాసన పడకే దండుకి పోయినా. అక్కడా తోలే చేతికొచ్చింది" అని నవ్వాడు మొన్న. నవ్వింది ఆయన ఒక్కడే. కులం చూసే పెట్టారా అని కుర్రాడు అడిగాడు. "చూసి పెట్టారని చెప్పలేను. చూడలేదనీ చెప్పలేను" అన్నాడు. దీనికంటే కచ్చితమైన సామాజిక శాస్త్ర వాక్యం నేను ఈ మధ్య చదవలేదు.

సహాయక్ పద్ధతి వలస కాలం అవశేషం, అవమానకరం, తీసెయ్యండి అని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2008లోనే చెప్పింది. నౌకాదళంలో, వైమానిక దళంలో ఈ పద్ధతి లేదు, ఓడలూ నడుస్తున్నాయి, విమానాలూ ఎగురుతున్నాయి. 2017 జనవరిలో ఒక లాన్స్ నాయక్ దీని మీద వీడియో పెట్టాడు. అదే నెలలో బీఎస్ఎఫ్ జవాను తేజ్ బహదూర్ యాదవ్ కాలిన రొట్టె, నీళ్లలాంటి పప్పు చూపించాడు. బీఎస్ఎఫ్ హోంశాఖ కిందిది, సైన్యం కాదు, తేడా నాకు తెలుసు. పప్పు పలుచన మాత్రం రెండు చోట్లా ఒకలాగే అర్థమవుతుంది. ఏప్రిల్‌కల్లా అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పటి సైన్యాధిపతి ఫిర్యాదు పెట్టెలు పెట్టిస్తామన్నారు, సోషల్ మీడియాకెక్కితే మాత్రం శిక్ష తప్పదన్నారు.

పెట్టె మంచిదే. కానీ దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? 1950 నాటి సైనిక చట్టంలో 26వ సెక్షన్ జవానుకి ఫిర్యాదు హక్కు ఇచ్చింది. ఆ ఫిర్యాదు నడిచే దారి పై అధికారి, ఆయన పై అధికారి. 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులు తగ్గించే అధికారం పార్లమెంటుకి ఇచ్చింది, సంఘం పెట్టుకోవడం కుదరదు. యుద్ధం చేసే చోట సమ్మెలు ఉండకూడదంటే ఒప్పుకుంటాను. కానీ సెలవు చీటీ ఎందుకు తొక్కిపెట్టారో అడగడానికి బయటి మనిషి ఒక్కడు లేకపోవడం ఏ యుద్ధానికి అవసరం? 

ఇంకోటి గమనించండి. మహిళా ఆఫీసర్లకి కమాండ్ పోస్టులు ఇవ్వం అని ప్రభుత్వం సుప్రీంకోర్టులో వాదించినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి జవాన్లే. పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఆడవాళ్ల ఆజ్ఞ తీసుకునే మనసు వాళ్లకి ఇంకా లేదు అని. 2020 ఫిబ్రవరిలో కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. జవానుకి ఏం కావాలో ఎప్పుడూ అడగనివాళ్లు, తమకి అవసరమైనప్పుడు మాత్రం జవాను మనసు గురించి అఫిడవిట్ వేశారు.

ఇక చిన్నాయన చెవి సంగతి. పంతొమ్మిదేళ్లు ఫిరంగుల పక్కన ఉన్న మనిషికి కుడి చెవి పోయింది, ఎడమది సగం. మెడికల్ కేటగిరీ తగ్గించి ఇంటికి పంపారు. వైకల్య పింఛనుకి దరఖాస్తు పెట్టాడు. నేను ఇంటర్ చదువుతుండగా జవాబు వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే. చదివి తెలుగులో చెప్పాల్సి వచ్చింది: ఈ లోపం సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు. ఆయనకి వినపడటానికి గట్టిగా అరిచి చెప్పాలి. పేటలో సగం మందికి వినపడేట్టు, నీ చెవి ఫిరంగి వల్ల పోలేదంట చిన్నాయనా అని అరిచాను. నేను తర్వాత పీహెచ్‌డీ చేశాను, వందల పేజీలు చదివాను. ఇంత సిగ్గుపడుతూ చదివిన వాక్యం ఇంకోటి లేదు.

ఆ వాక్యం ఆయన ఒక్కడికి రాసింది కాదు, అచ్చు పోసినట్టు వేలమందికి వెళ్లేది. చేరినప్పుడు లేని జబ్బు సర్వీసులో వస్తే సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలి, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదే అని సుప్రీంకోర్టు 2013లో ధరంవీర్ సింగ్ కేసులో చెప్పింది. వైకల్యం పొందిన సైనికుల మీద అప్పీళ్లు వెయ్యడం మానండని రక్షణ మంత్రి వేసిన నిపుణుల కమిటీయే 2015లో చెప్పింది. అప్పీళ్లు ఆగలేదు. ఆ తీర్పు చదివిన రోజు నేను చిన్నాయన దగ్గరికి పరుగెత్తాను, ట్రిబ్యునల్‌కి వెళదాం అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఎవురి మీద ఎయ్యమంటావురా కేసు? నా పటాలం మీదా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం నాకింకా పోలేదు. ఆ మేజరు పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డ రోజు చిన్నాయన ఒక సంస్థకి తన మనసు ఇచ్చేశాడు. సంస్థ ఆ మనసుని ఇరవై ఏళ్ల తర్వాత కూడా వాడుకుంటోంది, చెవికి డబ్బు ఎగ్గొట్టడానికి. మంచి నాయకుడు సంపాదించి పెట్టిన విశ్వాసాన్ని దస్త్రం ఖర్చు పెట్టుకుంటుంది. నాయకత్వం ఒకవైపు, బ్యూరోక్రసీ ఒకవైపు అని విడదీసి మాట్లాడేవాళ్లకి ఈ లావాదేవీ కనపడదు.

అగ్నిపథ్‌లో ఇది ఇంకా బిగుసుకుంది. 2022 జూన్ 14న ప్రకటించారు. నాలుగేళ్లు, మొదటి ఏడు నెలకి 30,000, అందులో చేతికి 21,000, చివర సుమారు 11.71 లక్షలు. పింఛను లేదు. ఏడాదికి 30 రోజులు సెలవు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో మంటలు, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడు ఒకడు చనిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. డబ్బు లెక్క మీద అందరూ రాశారు. నన్ను భయపెట్టేది ఇంకో అంకె, 25 శాతం. నలుగురిలో ఒకడికి మించి ఉంచుకోరు. ఎవర్ని ఉంచాలో సైన్యం ఇష్టం, అది ఎవరి హక్కూ కాదని పథకంలోనే రాసుకున్నారు. నాలుగేళ్లూ మార్కులు వేసేది పైవాళ్లే. అట్లాంటప్పుడు కుక్కకి స్నానం చేయించనని ఎవడంటాడు? సెలవు ఎందుకు ఇవ్వలేదని ఎవడడుగుతాడు? పక్కవాడితో కలిసి నోరు విప్పడం పోయి, పక్కవాడే పోటీదారు అవుతాడు. సైన్యంలో ఎస్సీ రిజర్వేషన్ ఎప్పుడూ లేదు. సిఫారసు చేసే బంధువు మన పిల్లలకి లేడు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఈ పథకంలో కులం, ప్రాంతం పేరిట కాకుండా అందర్నీ కలిపి తీసుకుంటామన్నారు. రెజిమెంట్ గుమ్మం మీద కులం పేరు పోవడం మనం అడిగిందే. గుమ్మం తెరిచినచోటే నేల నాలుగేళ్లకి జారిపోయేట్టు వేశారు. 2022 చివర, 2023 మొదట్లో లోపలికి వెళ్లిన మొదటి బ్యాచ్‌కి 2026 చివర, 2027 మొదట్లో నాలుగేళ్లు నిండుతాయి. మన సంఘాలు ఇప్పుడే అడగడం మొదలుపెట్టాలి. ఉంచుకున్నవాళ్లలో, పంపేసినవాళ్లలో ఎవరెవరు ఏ కులాల వాళ్లో లెక్క బయటపెట్టమని. మార్కులు దేనికి ఎన్ని వేశారో కుర్రాడికి రాతలో ఇవ్వమని. సహాయక్ పద్ధతి తీసెయ్యమని. సెలవు నిరాకరిస్తే కారణం కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వమని. ఈ చివరిది చిన్న కోరికలా కనిపిస్తుంది. చిన్నాయన్ని అడిగితే అదే మొదట పెట్టమన్నాడు.

కుర్రాడికి ఏం చెప్పానని అడుగుతారు. పొమ్మనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. వాళ్లమ్మ మిరపకోతలకి పోతుంది, చెల్లి పదో తరగతి. నెలనెలా 21,000 అంటే ఆ ఇంట్లో ఏంటో తెలిసి కూడా వద్దనే నోరు నాకు లేదు. డిగ్రీ టీసీ తీసుకోకు, కట్టకట్టి అటకెక్కించకు, మిగతా సెమిస్టర్లు ఎట్లా రాయొచ్చో నేను కనుక్కుంటాను అన్నాను. చిన్నాయన మాత్రం వాడి పాలిథిన్ కవరు అడిగి తీసుకున్నాడు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్, నేటివిటీ, ఫోటోలు ఒక్కొక్కటీ మంచం మీద పరిచాడు. జెరాక్సులు లెక్కపెట్టాడు.

"మెడికల్‌లో చెవులు చూస్తారు. బాగున్నయ్యని రాస్తారు. ఆ కాగితం కాపీ అడుగు. ఇవ్వమంటారు. మళ్లీ అడుగు."

కుర్రాడు సరే తాతా అన్నాడు. చిన్నాయనకి వినపడలేదు. వాడు ఇంకోసారి గట్టిగా చెప్పాడు.